ఫ్లోరోసిస్ బాధితుల్ని కార్టూన్‌లో గీయవచ్చా?

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ

మా మండలంలో బడిపిల్లలకు ‘నీళ్లు’ అనే అంశం మీద కార్టూన్ పోటీ పెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయి వేసిన బొమ్మ దగ్గర న్యాయనిర్ణేతలం రెండుగా చీలిపోయాం. బొమ్మ ఇండియన్ ఇంకుతో వేసింది. ఎడమ పక్క బోరింగు, దాన్ని ఆనుకుని ఫ్లోరోసిస్‌తో (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) నడుము వంగిపోయిన ముసలాయన. బోరింగు చేతికర్ర, ఆయన వెన్ను రెండూ ఒకటే గీత; బ్రష్ ఎత్తకుండా లాగింది. కుడి పక్క వేదిక మీద తెల్లబట్టల నాయకుడు సీసా నీళ్లు తాగుతూ ‘ఈ ఊరి నీళ్లు అమృతం’ అంటున్నాడు. ఆయన పొట్ట వేదిక అంచు దాటి బయటికి వేలాడుతోంది.

నేను మొదటి బహుమతి అన్నాను. తోటి న్యాయనిర్ణేత ‘వికలాంగుడిని ఎగతాళి చేసే బొమ్మను బడి గోడకెక్కిస్తారా’ అని పక్కన పెట్టించారు. మీరేమంటారు? పిల్ల పేరు అడగవద్దు, బొమ్మ ఇక్కడ పెట్టను.

రాధ, దేవరకొండ

మాస్టారూ, ఆ రెండో ఆయన మాటే నా మాట. మా పెదనాన్నకు ఈ జబ్బు ఉండేది. మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. వాడకట్టు పిల్లలు ఆయన వెనకాలే అలా తిరుగుతూ నవ్వుకునేవారు. రేపు ఆ గోడ ముందు నిలబడే పిల్లలు ముందు నాయకుణ్ణి చూస్తారా, ముసలాయన్ను చూస్తారా? నాయకుడి పొట్టను ఎంతైనా పెంచండి, అది ఆయన తిని పెంచుకున్నది. పెదనాన్న వెన్ను ఆయన వంచుకున్నది కాదు.

పాలమూరు పాఠకుడు

రాధగారూ, బొమ్మలో ఎవరున్నారని కాదు, దెబ్బ ఎవరికి తగిలిందని చూడాలి. 1975లో ఎమర్జెన్సీ రోజుల్లో అబూ అబ్రహాం వేసిన కార్టూన్ చూసే ఉంటారు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టెలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి తలుపు సందులోంచి అందిస్తుంటారు. ఇంకా ఏమైనా ఉంటే కాస్త ఆగమనండి అంటారు. జనం నవ్వింది ఆయన ఒంటిని చూసి కాదు, ఆ సంతకాన్ని చూసి.

పైగా రూపాన్ని సాగదీసినంత మాత్రాన అవమానం అయిపోదు. మన నల్లగొండ జిల్లా నుంచి వెళ్లిన పామర్తి శంకర్ నెల్సన్ మండేలా క్యారికేచర్ వేస్తే 2014లో పోర్చుగల్‌లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి ఇచ్చారు. ఆ బొమ్మ చూసి మండేలాను వెక్కిరించాడని ఎవరైనా అనగలరా?

వకీలు, సూర్యాపేట

పాఠకుడుగారూ, రాష్ట్రపతినీ మండేలానూ తెచ్చి మా ఊరి ముసలాయన పక్కన నిలబెడితే ఎలా? వాళ్లను లోకం ఎరుగును. ఈయనకు ఆ బొమ్మ తప్ప వేరే గుర్తింపు లేదు.

గీసినవారి ఉద్దేశం మంచిదైతే చాలదు. 1949లో శంకర్ పిళ్లై వేసిన కార్టూన్ సంగతి తెలిసిందే. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందని ఆయన విసురు. నత్త మీద కొరడా పట్టుకుని అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. దాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో వేస్తే 2012లో పార్లమెంటు అట్టుడికింది. సలహాదారులుగా ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ రాజీనామా చేశారు. గీసినాయనకు నత్త ముఖ్యం. తరతరాలుగా కొరడా దెబ్బలు తిన్న ఇళ్లలో పుట్టినవాళ్లకు కొరడాయే కనబడింది. వాళ్లకు కార్టూన్ చూడటం రాదనగలరా?

శ్రీను, చిట్యాల

మిషన్ భగీరథ పథకం కింద ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక కూడా ఈ పాత గొడవ ఎందుకు సార్? పిల్లలతో చెరువులు, తామరపూలు వేయించండి.

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ

శ్రీనూ, తామరపూలు ఏటా వేయిస్తూనే ఉన్నాం, బడి గోడ నిండా అవే. నీళ్లు మారితే కొత్తవాళ్లకు రాకపోవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకలు మాత్రం మళ్లీ సాఫు కావు. వాళ్లంతా ఇంకా మన మధ్యే ఉన్నారు.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆ ముసలాయన అమ్మాయికి సొంత తాత.

పాలమూరు పాఠకుడు

అయితే వాదన అక్కడితో సరి! హిరోషిమాలో బాంబు పడిననాడు ఆరేళ్ల పిల్లవాడైన నకజావా కైజీ 1973 నుంచి ఆ కథను కామిక్‌గా గీశాడు. కాలిన ఒళ్లు, వేలాడే చర్మం, ఏదీ దాచలేదు. అనుభవించినవాడికి గీసే హక్కు లేదని ఎవరంటారు? మీ కార్టూనిస్టు శేఖర్ కూడా కులాన్ని ‘క్యాస్ట్ కేన్సర్’ అని గీసినవాడే కదా వకీలుగారూ, ఆయన ప్రాణం తీసిందీ కేన్సరే. జబ్బు పేరు ఎత్తగానే కుంచె దించేయాలంటే కార్టూన్లలో మిగిలేది మొగుడూపెళ్లాల అప్పడాల కర్ర జోకులే.

రాధ, దేవరకొండ

నకజావా తన గాయం తాను గీసుకున్నాడు. ఈ అమ్మాయి తాత గాయం గీసింది. ఇంట్లో ఆమెకు ఆయన తాతే, గోడ ముందు నిలబడ్డవాళ్లకు ఎవరి తాత?

జపాన్ మాట తెచ్చారు కాబట్టి మినమాటా సంగతీ చెబుతాను. ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో ఒళ్లు వంకరపోయిన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఫొటోను 1971లో యూజీన్ స్మిత్ తీశాడు. తల్లి ఒప్పుకునే తీయించుకుంది, బాధితుల గోడు లోకానికి తెలిసింది కూడా. కూతురు పోయాక, ఏళ్లు గడిచాక, ఆ పిల్లకు ఇక విశ్రాంతి కావాలని తల్లిదండ్రులు కోరితే ఆ ఫొటో వేయడం ఆపారు. సరేనన్న మనిషికి తర్వాత చాలు అనే హక్కు కూడా ఉండాలి.

వకీలు, సూర్యాపేట

బాధితుడి ఒళ్లు చూపకుండా కూడా పాలకుల్ని వెక్కిరించవచ్చు, మన జిల్లాయే చేసి చూపించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ల కోసం రైతులు చేసిన పని. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమై కూర్చుంది. ఎన్నికల అధికారుల తంటాలు చూసి దేశమంతా నవ్వింది, నవ్వుతూనే ఫ్లోరైడ్ మాట వింది. ఇంతకన్నా పెద్ద కార్టూన్ ఎవరు గీశారు చెప్పండి!

పాలమూరు పాఠకుడు

బాగుంది. కానీ అదే ఫ్లోరైడ్ కోసం వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఒక బాధితుణ్ణి ఢిల్లీ తీసుకెళ్లి ఆయన ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. అది ఒళ్లు చూపడం కాదా? కాగితాల్లో అంకెలు చూసీ చూసీ కదలని వాళ్లకు మనిషిని చూపక తప్పలేదు. దాస్తే లాభం ఎవరికో అదీ ఆలోచించండి.

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ

రాధమ్మా, నీ మాట పట్టుకుని నిన్న వాళ్లింటికి వెళ్లి తాతకు బొమ్మ చూపించాను. చాలాసేపు చూశాడు. ‘నాకు మీసాలెందుకు పెట్టలేదు’ అని మనవరాలిని అడిగాడు. గోడ మీద వేస్తామంటే సరేనన్నాడు, నాయకుడి పొట్ట ఇంకొంచెం పెంచమన్నాడు.

రాధ, దేవరకొండ

అయితే నాకు అభ్యంతరం లేదు, ఎగతాళి అన్న మాట వెనక్కి తీసుకోను గానీ. గోడకు రంగులతో మాత్రం వేయించవద్దు. ఛార్టు మీద వేయించండి. ఆయన వద్దన్న రోజున మేకు పీకి దించేయవచ్చు.

డ్రాయింగ్ మాస్టారు, నల్లగొండ

ఛార్టు వానకు తడిసిపోతుందమ్మా. ఫ్లెక్సీ కొట్టిద్దామా?

శ్రీను, చిట్యాల

ఫ్లెక్సీ వద్దు సార్. కింద నాయకుల ఫొటోలు కూడా పెట్టమంటారు.