ఏసీ, ఫ్రిజ్, ల్యాప్‌టాప్ కొనాలి. షాపులోనా, ఆన్‌లైన్‌లోనా? మీకు ఎదురైనవి చెప్పండి

పేట అబ్బాయి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. అమ్మానాన్న నరసరావుపేటలో ఉంటారు. సంక్రాంతికి వాళ్లకని ఆన్‌లైన్‌లో 43 అంగుళాల టీవీ పంపాను. పెట్టె చక్కగా వచ్చింది. కంపెనీ మనిషి వచ్చేదాకా తెరవొద్దని పెట్టె మీదే రాసి ఉందని నాన్న దాన్ని గోడకు ఆనించి ఉంచారు. ఆ మనిషి తొమ్మిదో రోజున వచ్చాడు. టీవీ ఆన్ చేస్తే ఎడమ పక్క పైనుంచి కిందకు సన్నటి గీత. రిటర్న్ గడువు డెలివరీ నుంచి 7 రోజులే కాబట్టి అది దాటిపోయింది. కంపెనీ వాళ్లేమో ఇది దెబ్బ తగలడం వల్ల వచ్చింది, వారంటీ రాదు అన్నారు. ప్యానెల్ (టీవీ తెర) మార్చాలంటే దాదాపు కొత్త టీవీ ధర చెప్పారు. నాన్న ఆ రోజు భోజనం కూడా సరిగా చేయలేదు. కొడుకు డబ్బు పోయిందే అని ఆయన బాధ.

ఇప్పుడు ఎండాకాలం లోపు అక్కడికే ఏసీ, ఫ్రిజ్ కొనాలి. ఇంజనీరింగ్ చదివే తమ్ముడికి ల్యాప్‌టాప్ కావాలి. ఈసారి తొందరపడదలుచుకోలేదు. మీరు కొన్నప్పుడు ఏం జరిగిందో రాయండి.

గుంటూరు సర్వీస్

నేను 15 ఏళ్లుగా టీవీలు, ఏసీలు బిగిస్తున్నాను. మీ నాన్నగారి తప్పేమీ లేదు తమ్ముడూ. ప్యానెల్ ఎప్పుడూ నిలబెట్టే తేవాలి. ఆటోలో పడుకోబెట్టి, పైన ఇంకో పెట్టె వేశారంటే లోపల గాజు కదిలిపోతుంది. పైన అట్టపెట్టెకు చిన్న నొక్కు కూడా కనపడదు. ఇలాంటివి నేను చాలా చూశాను.

డెలివరీ రోజునే ఇన్‌స్టాలేషన్ బుక్ చేయండి. మనిషి మూడు రోజుల్లో రాకపోతే ఆలస్యమవుతోందని యాప్‌లోనే రాసి పెట్టండి, ఫోన్లో చెప్పి వదిలేయకండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే తప్పకుండా అదే తీసుకోండి. డెలివరీ అబ్బాయి ఎదుట తెరిచి చూశాకే ఓటీపీ చెప్పాలి. వీడియో తీసేటప్పుడు తెరవని పెట్టె నాలుగు వైపులా చూపించి, సీరియల్ నంబర్ స్టిక్కర్ దగ్గర కాసేపు ఆగి, కట్ చేయకుండా ఆన్ చేసేదాకా తీయండి. ముక్కలు ముక్కలుగా తీసిన వీడియోని ఒప్పుకోరు.

ఇక ఏసీ. ఆన్‌లైన్‌లో ధర చూసి మూడు వేలు మిగిలాయని మురిసిపోతారు. బిగించే రోజున స్టాండుకు ఇంత, గోడకు రంధ్రానికి ఇంత, అదనపు రాగి పైపు మీటరుకు ఇంత అని లెక్క వస్తుంది. పెట్టెతో వచ్చే పైపు మామూలుగా మూడు మీటర్లే. అవుట్‌డోర్ యూనిట్ డాబా మీద పెట్టించుకునే ఇంట్లో అది ఎక్కడ సరిపోతుంది? ముఖ్యంగా ఒక మాట. పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి గాలి, తేమ లాగేయాలి. పని త్వరగా ముగించుకోవాలని కొందరు కాస్త గ్యాస్ వదిలి గాలిని బయటకు తోసేస్తారు. ఆ తేమ లోపల ఉండిపోతే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. మీరు దగ్గరుండి "పంపు తెచ్చారా?" అని అడగండి. ఆ ఒక్క మాటతో పని తీరు మారుతుంది. ఊళ్లో షాపు వాడి ద్వారా వచ్చే మనిషైతే మళ్లీ మీ వీధికి రావలసిన వాడే, కాబట్టి కాస్త జాగ్రత్తగా చేస్తాడు. ఏసీ మాత్రం దగ్గరి షాపులోనే కొనమని నా సలహా.

మన్యం టీచర్

మాది పాడేరు వైపు. పట్నాల్లో ఉన్నవాళ్లకు ఇది ఎంపిక, మాకు ఏది దొరికితే అదే. ఫోన్లు, ఇయర్‌ఫోన్లు ఆన్‌లైన్‌లో వస్తాయి, కాకపోతే రెండు రోజులు ఆలస్యం. వాషింగ్ మెషిన్‌కి మాత్రం మా పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదు అని చూపించింది. విశాఖలో కొని ఘాట్ రోడ్డు మీద వ్యానులో తెచ్చుకున్నాం. కిరాయి మేమే ఇచ్చాం.

ఇక్కడ ఒక విషయం అందరికీ పనికొస్తుంది. ఫ్రంట్‌లోడ్ మెషిన్ వెనక రవాణా కోసం బోల్టులు బిగించి ఉంటాయి. అవి తీయకుండా తిప్పితే మెషిన్ గదంతా గెంతుతుంది, లోపల కూడా దెబ్బతింటుంది. కంపెనీ మనిషి రావడానికి పది రోజులు పట్టే ఊళ్లలో ఇది తెలియక పాడుచేసుకున్న ఇల్లు మా పక్కనే ఉంది. మేము కొన్న విశాఖ షాపాయన బిల్లు ఇచ్చేటప్పుడే బోల్టులు చూపించి, "తీశాక పారేయకండి మేడమ్, బదిలీ అయితే మళ్లీ కావాలి" అని చెప్పారు. మూడేళ్ల తర్వాత నిజంగానే బదిలీ అయింది, అవి పనికొచ్చాయి.

నిజాంపేట రేఖ

షాపులన్నీ మంచివి అన్నట్టు మాట్లాడకండి, నాకు జరిగింది వేరు. పెద్ద షోరూంలో టీవీ కొన్నాను. ఇంటికి వచ్చాక చూస్తే రిమోట్‌లో బ్యాటరీలు పాతవి, సెట్టింగ్స్‌లో ఎవరిదో వైఫై పేరు ఉంది. డిస్‌ప్లేకి పెట్టిన పీస్ నాకు అంటగట్టారు. మార్చుకోవడానికి నాలుగుసార్లు తిరిగాను, చివరికి మార్చారు.

ఇంకొకటి. షోరూంలో మన పక్కనే నిలబడి ఓపిగ్గా వివరించే వాళ్లలో చాలామంది ఆ షాపు ఉద్యోగులు కాదు, ఒక్కో బ్రాండ్ పెట్టుకున్న మనుషులు. వాళ్ల బ్రాండ్ గురించే చెబుతారు. అది వాళ్ల ఉద్యోగం, తప్పుపట్టను. కానీ మనకు తెలియాలి కదా. ఆన్‌లైన్‌లో కనీసం ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూలు చదివే వీలుంది. నేను అవే ముందు చదువుతాను.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా. షాపైనా యాప్ అయినా వడ్డీ ఉంటుంది. ఆ మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు. తర్వాత నెలనెలా కార్డు బిల్లులో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా వేస్తాయి. మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి, రెండూ పోల్చుకోండి.

సీటీసీ పాత కస్టమర్

ల్యాప్‌టాప్ సంగతి నేను చెబుతాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి (సీటీసీ) కాలేజీ రోజుల నుంచి వెళ్తున్నాను. ల్యాప్‌టాప్ పేరు చూసి కొనకండి, వెనక స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబర్ చూడండి. చివరి రెండు మూడు అక్షరాలు మారితే లోపలి సరుకు మారుతుంది. ఒకే పేరుతో ఒకదానిలో మంచి స్క్రీన్, ఇంకోదానిలో వెలుగు తక్కువుండే 250 నిట్స్ స్క్రీన్ ఉంటాయి. ఆ రెండోది పగలు కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చికిలించాల్సిందే. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా అన్నది కూడా అడగండి. నాలుగేళ్లు వాడాల్సిన పిల్లవాడికి అది ముఖ్యం.

తమ్ముణ్ణి తీసుకెళ్లి నాలుగు షాపుల్లో కీబోర్డు మీద రెండు పేజీలు టైప్ చేయించండి. ఆన్‌లైన్ ధర చూపించి అడిగితే చాలాసార్లు దగ్గరికి వస్తారు. బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తామనే వాళ్లు తగలొచ్చు, అక్కణ్నుంచి వచ్చేయండి. బిల్లు మీద సీరియల్ నంబర్ లేకపోతే రేపు ఆ ల్యాప్‌టాప్ మీదే అని చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకు కూడా ఒక మాట. \*#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబర్ వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పంపితే దాని వివరాలు వస్తాయి. డబ్బు ఇచ్చే ముందే చేయండి.

జగిత్యాల షాపు

నాది చిన్న ఎలక్ట్రానిక్స్ దుకాణం. మా నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చి, ఫ్రిజ్ తలుపులన్నీ తెరిచి చూసి, అరగంట ప్రశ్నలడిగి, స్టిక్కర్ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆర్డర్ ఆన్‌లైన్‌లో పెడతారని తెలుసు. అయినా నీళ్లిచ్చి కూర్చోబెడతాం. ఆరు నెలలకు వాళ్లే ఫోన్ చేసి "అన్నా, చల్లదనం లేదు, ఎవరినైనా పంపు" అంటారు. పంపుతాను కూడా, ఊళ్లో ముఖాలు చూసుకోవాలి కదా. కానీ బాధగా ఉంటుంది. ధర ఎక్కువ అనిపిస్తే నన్ను అడగండి. నాకు వీలైతే తగ్గిస్తాను, కాకపోతే కాదని చెబుతాను. అడగకుండా వెళ్లిపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. ఫ్రిజ్‌కి అంతకుముందే 18 శాతం ఉంది. ఎవరైనా పాత ఎమ్మార్పీ మీద పెద్ద తగ్గింపు చూపిస్తే బిల్లులో పన్ను గడి చూడండి. ఏసీ మీద స్టార్ లేబుల్ ఏ కాలానిదో కూడా లేబుల్ మీదే ఉంటుంది. పాత లేబుల్‌లో ఐదు నక్షత్రాలున్నంత మాత్రాన కొత్త లెక్కలోనూ ఐదు ఉంటాయని కాదు.

వినియోగదారు మిత్ర

పేట అబ్బాయి గారూ, మీ టీవీ సంగతి అయిపోలేదు. నేను వకీలుని, ఇలాంటి కేసులు చూస్తుంటాను. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కాబట్టి కస్టమర్ కేర్ చాట్ దగ్గరే ఆగకండి. ఆ అధికారి ఈమెయిల్ సైట్‌లోనే ఉంటుంది, దానికి రాయండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువును వెనక్కు తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అన్నారు. బిల్లులో రాసిన గడువు ఉంటే ఆ లోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలి. మీ కేసులో వాళ్లు 7 రోజుల షరతు చూపిస్తారు. మీరు చూపించాల్సింది ఏమిటంటే, తెరవొద్దని రాసింది కంపెనీ, మనిషిని ఆలస్యంగా పంపిందీ కంపెనీయే. పెట్టె మీది ఆ వాక్యం ఫొటో, ఇన్‌స్టాలేషన్ బుక్ చేసిన మెసేజ్, మనిషి వచ్చిన తేదీ దాచి ఉంచండి. మాట వినకపోతే మీరుండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువుంది. షాపులో కొన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చువేసి ఉన్నా, సరుకులో లోపముంటే భయపడకండి.

పేట అబ్బాయి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. 1915లో ఫిర్యాదు చేశాను, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పెట్టె ఫొటోతో ఈమెయిల్ పెట్టాను. పదకొండో రోజున ఫోన్ వచ్చింది. ప్యానెల్ ఉచితంగా మారుస్తామన్నారు. ఇంకా మార్చలేదు, మార్చేదాకా ఫిర్యాదు మూసేయడానికి ఒప్పుకోలేదు. వకీలు గారికి నాన్న నమస్కారాలు చెప్పమన్నారు.

ల్యాప్‌టాప్ సీటీసీలోనే కొన్నాం. తమ్ముడు నాలుగు షాపుల్లో టైప్ చేసి చూశాడు. ఆన్‌లైన్ కంటే 1,200 ఎక్కువైంది, కానీ సీరియల్ నంబర్‌తో బిల్లు అక్కడే చేతికి వచ్చింది. ఏసీ, ఫ్రిజ్ పేటలోనే నాన్నకు తెలిసిన షాపులో తీసుకున్నాం. జగిత్యాల అన్న రాసింది చదివాక, ఆన్‌లైన్ ధర చూపించి నేరుగా అడిగాను. ఫ్రిజ్ మీద తగ్గించారు, ఏసీ మీద కుదరదన్నారు, స్టాండు మాత్రం ఉచితంగా ఇచ్చారు. ఏసీ బిగించడానికి వచ్చినాయన్ని నాన్న గుమ్మంలోనే "పంపు తెచ్చావా బాబూ?" అని అడిగారట. తెచ్చాడు.

ఫ్రిజ్ ఇవాళ సాయంత్రం దిగింది. వ్యానులో పడుకోబెట్టి తెచ్చారని అమ్మ చెబుతోంది. ఇప్పుడే ఆన్ చేయొచ్చా?

గుంటూరు సర్వీస్

చేయొద్దు. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి వెళ్తుంది, అది కిందకు దిగాలి. ఈ రాత్రంతా నిలబెట్టి ఉంచి రేపు ఉదయం ప్లగ్ పెట్టమనండి. రెండు మూడు గంటలు ఖాళీగా నడిచాక పాలు, కూరలు పెట్టుకోవచ్చు. గోడకు ఒక జానెడు దూరం ఉంచమని అమ్మగారికి చెప్పండి.