మా నాన్న చెప్పే బండిచక్రాల కోటు పాటగాడు ఎవరు?

మల్కాపురం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, మల్కాపురం. మా నాన్న ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేశారు. ఇప్పుడు 78 ఏళ్లు. పోయినేడాది పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మాట బాగా తగ్గింది, కానీ పాత సంగతులు ఒక్కటీ మర్చిపోలేదు.

1973లో వాళ్ల ఓడ గోధుమలు ఎత్తుకోవడానికి అమెరికాలో హ్యూస్టన్ రేవులో 11 రోజులు ఆగిందట. సాయంత్రాలు నావికుల క్లబ్బుకి వెళ్లి టీవీ చూసేవారట. అప్పటికి మన ఊళ్లో టీవీ ఎక్కడిది? అందులో ఒక సన్నటి, పొడుగాటి మనిషి. కోటంతా తళుకులు, దాని మీద బండిచక్రాలు కుట్టి ఉన్నాయట. పక్కన పసుపుపచ్చ జుట్టమ్మాయి. నాలుగు పాటలు పాడి మధ్యలో ఏదో మందు అమ్మేవారట. "మన సంతలో మందులోడు హార్మనీ వాయించి జనాన్ని పోగేసినట్టే" అంటారు నాన్న.

ఈ మధ్య ఆ కోటు ఊసు రోజూ తెస్తున్నారు. అది ఏ ప్రోగ్రామో తెలిస్తే ఒక్కసారి చూపించాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వాల్తేరు గిటార్:
అమ్మా, కోటు దగ్గరికి రాగానే తెలిసిపోయింది. ఆయన పోర్టర్ వాగనర్, అమెరికాలో కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లె బాణీ పాటలు పాడేవాడు. ఇంగ్లీషులో ఆ పేరుకి బండి తోలేవాడని అర్థం, అందుకే ఆ చక్రాలు. అలాంటి కోట్లకి పేరుపడ్డ దర్జీ కాలిఫోర్నియాలో నూడీ కోన్. పక్కనున్నది గాయని డాలీ పార్టన్. ఆవిడ 1967లో ఆ ప్రోగ్రాంలో చేరి 1974లో బయటికొచ్చేశారు. అంటే నాన్నగారు చెప్పిన 1973 సరిగ్గా సరిపోయింది. మందు కూడా నిజమే. చట్టనూగా మెడిసిన్ కంపెనీ డబ్బు పెట్టేది, విరేచనం అవడానికి వేసుకునే వాళ్ల మందు గురించి పాటల మధ్యే చెప్పేవారు.

నేను ఇక్కడి రైల్వే కాలనీలో పెరిగాను. పక్క క్వార్టర్స్‌లోని ఆంగ్లో ఇండియన్ అంకుల్ కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ రికార్డు పెట్టి నాకు గిటార్ మీద మొదటి మూడు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) నేర్పారు. అప్పటి నుంచి ఈ పాటలంటే ప్రాణం. అందుకే ఇంకొంచెం చెప్పాలనిపిస్తోంది.

వాగనర్ షో 1960 నుంచి 1981 దాకా నడిచింది. అరగంట ప్రోగ్రాం. టేపు మీద తీసి ఊరూరా ఉన్న స్టేషన్లకి పంపేవారు, ఎవరికి వీలైన టైముకి వాళ్లు వేసుకునేవారు. అంతకుముందు ఆ సుఖం లేదు. ఫ్లాట్, స్క్రగ్స్ అని ఇద్దరు పాటగాళ్ల జంట ఉండేది, బాంజో అనే తీగల వాయిద్యానికి పెట్టింది పేరు. 1950లలో మార్తా వైట్ అనే పిండి కంపెనీ తరఫున రోజుకో ఊరి స్టేషన్‌కి కారులో వెళ్లి, అక్కడ లైవ్‌లో వాయించి, రాత్రికి మళ్లీ రోడ్డెక్కేవారు. మన బుర్రకథ దళాలు తిరిగినట్టే. పిండి బస్తా అమ్ముడుపోవాలంటే పాటగాడు ఆ ఊళ్లో కనబడాలి, అంతే లెక్క. మిజోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి రెడ్ ఫోలీ నడిపిన ఓజార్క్ జూబిలీ మాత్రం 1955లోనే ఏబీసీ నెట్‌వర్క్ మీద దేశమంతటికీ వెళ్లింది.

బాధేమిటంటే ఆ లైవ్ ప్రోగ్రాముల్లో చాలావరకు గాలిలో కలిసిపోయాయి. దాచాలంటే టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తియ్యాలి. చిన్న స్టేషన్‌కి అంత ఖర్చు ఎక్కడిది? వాగనర్‌వి చాలా మిగిలాయి, యూట్యూబ్‌లో దొరుకుతాయి. డాలీ ఉన్న రంగుల ఎపిసోడ్ చూసి పెట్టండి.

పాత కేబుల్ మనిషి, కంచరపాలెం:
గాలిలో కలిసిపోయాయన్న మాట చదివి నా గుండె కలుక్కుమంది. 1990లలో కేబుల్ నడిపాను. సంక్రాంతికి తప్పెటగుళ్లు, జముకులకథ దళాలు వస్తే వీధిలో కెమెరా పెట్టి మా లోకల్ ఛానెల్లో వేసేవాణ్ని. జముకు పట్టుకున్న పెద్దాయన తీగ మీటుతూ "ఊ" కొట్టించుకుంటుంటే వీధి వీధంతా బయటికొచ్చేసేది. క్యాసెట్ ఖరీదని వారం తిరక్కుండానే దాని మీదే ఇంకోటి ఎక్కించేవాణ్ని. ఇప్పుడు నా దగ్గర రెండంటే రెండు క్యాసెట్లు మిగిలాయి. ఒకదానికి బూజు పట్టింది. మీ ఇళ్లల్లో పాత వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ ఏదున్నా పారెయ్యకండి. బూజున్నది మాత్రం ప్లేయర్లో పెట్టకండి, టేపుని చదివే హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టే మంచి టేపుకి కూడా అంటుకుంటుంది. ముందు తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి.

మల్కాపురం అమ్మాయి:
వాల్తేరు గిటార్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి అన్నం తిన్నాక టీవీకి ఫోన్ కలిపి పెట్టాను. కోటు కనబడగానే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. పాటలప్పుడు ఏమీ అనలేదు. గళ్ల కోటు, ముందుపళ్లు నల్లగా పూసుకున్న ఒకాయన స్టేజి మీదికొచ్చాడు. నాన్న నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "ఇప్పుడు... ఫోన్ సేస్తాడు... సూడు" అన్నారు.

ఆయన ఫోన్ తీశాడు.