తక్కువ బడ్జెట్‌లో బాత్రూం: ఎక్కడ తగ్గించొచ్చు, ఎక్కడ కూడదు?

ఒంగోలు_గిత్త:
అమ్మానాన్న ఉండే ఇంట్లో పాత బాత్రూం మొత్తం మార్పిస్తున్నాం. 5 బై 7 అడుగులు. పైపుల దగ్గర్నుంచి తలుపు దాకా 70 వేలు దాటకూడదనుకుంటే, షోరూంలో ఒక్క ట్యాపులకే 28 వేలు చెప్పాడు. మాది బోరు, ఉప్పు నీళ్ళు. చేయించినవాళ్ళు కాస్త చెప్పండి.

కోఠి_కుర్రాడు:
ముందు ఆ షోరూంలోంచి బయటికి రండి అన్నా. హైదరాబాద్ వచ్చే పనుంటే ట్రూప్ బజార్‌లో ఒక పూట తిరగండి, అదే మోడల్‌కి పక్కపక్క షాపుల్లోనే రెండు రేట్లు. అన్నీ ఒకే చోట కొంటానని బేరం పెడితే ఇంకా దిగుతారు. బిల్లు మాత్రం వదలొద్దు, వారంటీకి అదే అడుగుతారు.

గోదారి_పిల్ల:
ఉప్పు నీళ్ళకి నల్ల మ్యాట్ ఫినిష్ జోలికి పోకండి. ఇన్‌స్టాలో చూసి మోజుపడ్డా, ఇప్పుడు ట్యాపులకి విభూతి రాసినట్టుంది. యాసిడ్ పెట్టి తోమితే మచ్చలతోపాటు నలుపూ పోయింది 🤦

ప్లంబర్‌గారబ్బాయి:
ట్యాపులు పీటీఎంటీవి పెట్టేయండి, అదే గట్టి ప్లాస్టిక్‌వి. చూపుకి ఆనవు కానీ తుప్పు పట్టదు, పూత లేవదు, పాడైనా రెండు మూడొందల్లో కొత్తది తెచ్చి మీరే బిగించుకోవచ్చు. గోడ లోపలికి పోయే సరుకు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. వేడినీళ్ళ లైనుకి సీపీవీసీయే వేయించండి, మామూలు యూపీవీసీ వేడికి ఆగదు, టైల్స్ అంటించకముందే ప్రెజర్ టెస్ట్ (పైపుల్లో ఒత్తిడితో నీళ్ళు నింపి లీకులు చూడటం) చేయించి మీరు దగ్గరుండి చూడండి. గోడలో దాచే డైవర్టర్ (వేడి, చన్నీళ్ళు కలిపి షవర్‌కో ట్యాపుకో మళ్ళించేది) అందంగానే ఉంటుంది, కానీ లోపల బాడీ లీకైతే టైలు పగలాల్సిందే, అప్పటికి ఆ మోడల్ ఆపేసి ఉంటే స్పేరూ దొరకదు. బయట బిగించే వాల్ మిక్సర్‌కి స్పానర్ చాలు. మా నాన్నయితే ‘వేడికొకటి, చన్నీళ్ళకొకటి పెట్టించుకుని బకెట్లో కలుపుకోండయ్యా’ అంటాడు.

ఇంకోటి, కమోడ్ కొనేముందు గోడ నుంచి అవుట్‌లెట్ పైపు మధ్యకి టేపుతో కొలవండి. ప్లాస్టరింగూ టైల్సూ అయ్యాక ఆ దూరం తగ్గుతుందని చాలామంది మర్చిపోతారు.

వరంగల్_వదిన:
మాకు కొలత కాదు, అసలు రకమే తప్పింది. ఆఫర్ చూసి ఆన్‌లైన్‌లో పీ ట్రాప్ కమోడ్, అంటే పైపు గోడలోకి పోయేది, కొన్నాం, మా పైపేమో నేలలోకి పోతుంది, దానికి ఎస్ ట్రాప్ కావాలి. తిప్పి పంపే రవాణా ఖర్చు మాకే పడింది.

టైల్స్ దగ్గర మిగిలింది లెండి. చుట్టూ 7 అడుగుల ఎత్తు వేస్తే తలుపు పోను 150 చదరపు అడుగులు. మీ సైజే మాదీ. స్నానం చేసే మూల రెండు గోడలకే 7 అడుగులు వేసి, మిగతా రెండూ 4 అడుగుల దగ్గర ఆపి పైన పెయింట్ వేయించాం. దాదాపు 30 చదరపు అడుగులు తగ్గింది, కూలీ కూడా. మిగిలిపోయిన లాట్ చవగ్గా ఇస్తారు, బాగుంటాయి, కానీ ఒక పెట్టె ఎక్కువ తెచ్చుకోండి, తర్వాత ఆ షేడ్ దొరకదు. నేలకి మాత్రం గరుకువే, పెద్దవాళ్ళున్నారు కదా. మేస్త్రీకి చివరి డబ్బులిచ్చేముందు బకెట్ నీళ్ళు పోసి వాటం చూడండి. మా ఇంట్లో నీళ్ళు నానీ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే జాలీ) వైపు కాకుండా గుమ్మం వైపు నడిచేవి, మళ్ళీ తవ్వించాం.

ఒంగోలు_గిత్త:
అందరికీ థ్యాంక్స్. ప్లాస్టిక్ ట్యాపు అనగానే నాన్న ‘పొలం దగ్గర తొట్టికి పెట్టుకో’ అన్నాడు. బేసిన్ దగ్గర ఒక్కటి ఇత్తడిది, మిగతావి ప్లాస్టిక్ అని రాజీకొచ్చాం. తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు?

ప్లంబర్‌గారబ్బాయి:
పీవీసీ చాలు బ్రో. చెక్కదైతే తడికి కింద అంచు ఉబ్బిపోతుంది. బయటికి తెరుచుకునేలా పెట్టించండి, ఎవరైనా లోపల జారిపడితే లోపలికి తెరుచుకునే తలుపు వాళ్ళకే అడ్డం పడి తెరుచుకోదు.