మొదటి రెజిన్ వ్యోమనౌక కిట్: ఎక్కడ మొదలుపెట్టాలి, దేనితో అతికించాలి?

ప్రశ్న (విశాఖపట్నం సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ విమానాల ప్లాస్టిక్ కిట్లే కడుతూ వచ్చిన నేను ఇప్పుడు మొదటిసారి రెజిన్ కిట్ (ద్రవ రెజిన్‌ను అచ్చులో పోసి గట్టిపరచిన భాగాలతో వచ్చేది) తెప్పించుకున్నాను. ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ టీవీ సైన్స్ ఫిక్షన్ కథల తొలి ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ నౌకకు 1:1000 స్కేలులో చేసిన నమూనా ఇది. కథ ప్రకారం ఆ నౌక పొడవు 289 మీటర్లు కనుక, పూర్తయ్యాక నమూనా దాదాపు 29 సెంటీమీటర్లు ఉంటుంది. పళ్లెం ఆకారంలోని ముందుభాగం, దాని కింద ఉండే రెండో దేహం, వెనుక సన్నని రెండు స్తంభాల మీద నిలిచే పొడవాటి ఇంజన్లు, పారదర్శకమైన రెండు గుమ్మటాలు, డెకాల్స్ (నౌక మీది అక్షరాలు, గుర్తులను అంటించే పలుచని స్టిక్కర్లు), స్టాండు పెట్టెలో ఉన్నాయి కానీ, సూచనల పేరుతో ఒక్క ఫొటో తప్ప మరేమీ లేదు.

భాగాలను ముట్టుకుంటే చేతికి కొంచెం జిడ్డుగా తగులుతున్నాయి. స్తంభాలలో ఒకటి వంగి ఉంది. పళ్లెం అంచున సూదిమొన అంత రంధ్రాలు వరుసగా కనిపిస్తున్నాయి. ఇంజన్లు లోపల బోలుగా లేకుండా గట్టిగా, బరువుగా ఉన్నాయి కాబట్టి అంత సన్నని స్తంభాలు వాటిని మోయగలవా అన్నది నాకున్న పెద్ద సందేహం. నా దగ్గరున్న ప్లాస్టిక్ సిమెంటుతోనే వీటిని అతికించవచ్చునా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (హైదరాబాద్ సభ్యురాలు)

ముందుగా ఆ ప్లాస్టిక్ సిమెంటును పక్కన పెట్టండి. అది పాలీస్టైరీన్‌ను పైపైన కరిగించి రెండు ముక్కలనూ ఒకటిగా కలుపుతుంది; మీ కిట్ పాలీయురెథేన్ రెజిన్‌తో పోసినది కావడం వల్ల ఆ ద్రవంలో కరగదు, అతుకూ పడదు. రెజిన్‌కు ఫెవిక్విక్ వంటి సయనోయాక్రిలేట్ జిగురు గానీ, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ గానీ కావాలి.

మీ చేతికి తగులుతున్న జిడ్డు, సిలికాన్ అచ్చులోంచి భాగాలు సులువుగా ఊడిరావడానికి పూసిన పదార్థపు మిగులు. అది ఉన్నంతవరకు జిగురు పట్టదు, ప్రైమర్ కూడా పొరలుపొరలుగా లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ప్రతి గాడినీ రుద్ది కడగండి. కడిగిన భాగాన్ని కుళాయి కింద పట్టి చూస్తే, నీరు పలుచని పొరలా పరుచుకుని జారిపోయిన చోట శుభ్రమైనట్టు, బొట్లుబొట్లుగా నిలిచిన చోట ఇంకా జిడ్డు ఉన్నట్టు. ఆ బొట్లు ఎక్కడా కనిపించనంత వరకు కడగడం ఆపవద్దు.

వంగిన స్తంభం గురించి ఆందోళన పడనవసరం లేదు. పొయ్యి మీద మరిగించకుండా, బాగా వేడిగా ఉన్న నీళ్లలో కాసేపు ఉంచితే రెజిన్ మెత్తబడుతుంది. అప్పుడు చదునైన గాజుపలక మీద పెట్టి తిన్నగా సరిచేసి, అదే భంగిమలో పట్టుకుని చల్లని నీళ్లలో ముంచితే ఆ రూపంలోనే గట్టిపడుతుంది. ఒక్కసారికి కుదరకపోతే మళ్లీ వేడి చేయవచ్చును కానీ, చల్లని రెజిన్‌ను మాత్రం బలవంతంగా వంచకండి, పుటుక్కున విరుగుతుంది.

పోత పోసిన చోట మిగిలిన దిమ్మెలను సన్నపళ్ల రంపంతో, అసలు భాగానికి కొద్దిగా ఎడంగా కోసి, మిగతాది వాటర్ పేపర్‌తో అరగదీయండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: రెజిన్ పొడి ఊపిరితిత్తులలోకి పోకూడదు. కాగితాన్నీ భాగాన్నీ తడుపుతూనే రుద్దండి, కోసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పక పెట్టుకోండి, బల్లను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వారికి దూరంగా చేయడం మంచిది.

పళ్లెం అంచున ఉన్న రంధ్రాలు పోతలో చిక్కుకున్న గాలిబుడగల గుర్తులు. చిన్నవాటికి మోడలింగ్ పుట్టీ చాలు. పెద్దవాటిలో వంటసోడా నింపి పలుచని ఫెవిక్విక్ చుక్క వేస్తే క్షణాల్లో గట్టిపడుతుంది. అయితే ఆలస్యం చేస్తే ఆ పూత చుట్టూ ఉన్న రెజిన్ కన్నా గట్టిగా మారి, రుద్దినప్పుడు పక్కనున్న రెజినే అరిగి పల్లమవుతుంది కనుక, అది గట్టిపడిన వెంటనే రుద్దేయాలి. ఆ తర్వాత పలుచగా గ్రే ప్రైమర్ ఒక పూత వేయండి. అంతవరకు కంటికి ఆనని రంధ్రాలన్నీ అప్పుడు బయటపడతాయి.

సమాధానం (బెంగళూరులో ఉంటున్న సభ్యుడు)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను కానీ, ఇంజన్ల విషయంలో ఫెవిక్విక్‌ను నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం. అది లాగుడుకు బాగానే తట్టుకున్నా పక్కనుంచి తగిలే దెబ్బకు ఊడిపోతుంది. పైగా మీ సముద్రతీరపు గాలిలోని తేమకు అది ఇంకా త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి, రెండు ఇంజన్లనూ సమాంతరంగా సర్దుకునే వ్యవధి మీకు దొరకదు.

స్తంభానికి రెండు చివరలా చేతి డ్రిల్లుతో రంధ్రాలు చేసి, 1 మిల్లీమీటరు ఇత్తడి తీగ ముక్కలు దించండి. ఎదుటి భాగంలో రంధ్రం సరిగ్గా ఎక్కడ పడాలో తెలియాలంటే, తీగ కొనకు కొద్దిగా రంగు అంటించి రెండింటినీ ఆనించి తీయండి, చుక్క అక్కడ పడుతుంది. తర్వాత అరాల్డైట్ (ఎపాక్సీ జిగురు) రకాల్లో నెమ్మదిగా గట్టిపడేదానిని వాడి, అట్టముక్కలతో ఆసరా కట్టి, నౌకను ముందునుంచీ పైనుంచీ చూసి సరిచేసుకుని, రాత్రంతా కదపకుండా వదిలేయండి. ఇత్తడి తీగ అవసరం బలానికి మాత్రమే కాదు. మన వేసవి ఎండలకు సన్నని రెజిన్ భాగాలు బరువు కింద మెల్లమెల్లగా వాలిపోతాయి. అందువల్ల తీగను స్తంభంలోకి వీలైనంత లోతుగా పంపండి, పూర్తయిన నమూనాను ఎండ పడే కిటికీ దగ్గర ఉంచకండి.

స్టాండు కడ్డీకి రంధ్రం చేయడానికి ముందు, జిగురు లేకుండా భాగాలన్నిటినీ బ్లూ టాక్‌తో (అంటించి మళ్లీ ఊడదీయగల మెత్తని ముద్ద) నిలబెట్టి నౌకను వేలి మీద ఆనించి చూడండి. గట్టి రెజిన్‌లో బరువు ఎటు మొగ్గుతుందో కంటితో చెప్పలేం, అది నిలకడగా ఆగిన చోటే కడ్డీ పడాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇత్తడి తీగ ఉపాయం నా సందేహాన్ని పూర్తిగా తీర్చింది. మరొక్క సంగతి: ఈ నౌకకు సరైన రంగు ఏది? ఒక్కో ఫొటోలో ఒక్కో రకంగా కనిపిస్తోంది. మా ఊరి తేమలో స్ప్రే చేయడం గురించి కూడా చెప్పగలరా?

సమాధానం (విజయవాడ సభ్యుడు)

చిత్రీకరణకు వాడిన 11 అడుగుల నమూనా వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. 2016లో దానిని పునరుద్ధరించినప్పుడు పళ్లెం పైభాగంలో మిగిలి ఉన్న తొలినాటి రంగును చెరపకుండా కాపాడారు. అది లేత బూడిద రంగు, అందులో ఆకుపచ్చ ఛాయ చాలా స్వల్పంగా ఉంటుంది. తెర మీద కనిపించే రంగును స్టూడియో దీపాలూ ఫిల్మూ మార్చేశాయి కనుక, తెర ఫొటోల కన్నా మ్యూజియం ఫొటోలను ఆధారంగా తీసుకోవడమే సబబు.

పళ్లెం మీద గీతలు ముదురుగా దిద్దాలన్న ఆశను అణచుకోండి. ఈ స్కేలులో 1 మిల్లీమీటరు మందం గీత అంటే అసలు నౌక మీద ఒక మీటరు వెడల్పున్న కందకం అన్నమాట. మొన బాగా చెక్కిన పెన్సిలుతో లేతగా గీసి ఆపితే, నౌక ఎంత పెద్దదో చూసేవారికి తెలుస్తుంది.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లక్కర్ రంగులు (థిన్నర్‌తో పలుచన చేసే, త్వరగా ఆరే రకం) చల్లితే పైన తెల్లని మసక కమ్ముతుంది. వాన లేని రోజున, మధ్యాహ్నం పొడిగా ఉన్న వేళ చూసుకుని పలుచని పూతలు వేయండి. గాలి ఆడేచోట, ఆవిరిని ఆపగల కార్బన్ ఫిల్టర్ మాస్కుతో ఈ పని చేయాలి; ఎన్95 పొడిని ఆపుతుందే గానీ రంగు ఆవిరిని ఆపదు. రంగు బాగా ఆరాక గ్లాసీ (మెరిసే) క్లియర్ పూత వేసి, ఆ నున్నటి పొర మీద డెకాల్స్ అంటించి, అవి కుదురుకున్నాక మ్యాట్ (మెరుపు లేని) పూతతో ముగించండి.

ఇంజన్ల ముందుండే పారదర్శక గుమ్మటాలను మాత్రం ఈ పూతలన్నీ అయ్యేవరకు పెట్టెలోనే ఉంచండి. వాటికి ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి లోపల తెల్లగా మసకబారుతాయి. అగ్గిపుల్ల కొసతో అంచు చుట్టూ కొద్దిగా ఫెవికాల్ రాసి కూర్చండి. ఆరాక ఆ జిగురు కనిపించదు, అటూ ఇటూ అంటినా తడిగుడ్డతో తుడిచేయవచ్చు.