మార్చి 8 మహిళా దినోత్సవం ప్రోగ్రాం: కుర్దిష్ సెగ్మెంట్ ఏం చేద్దాం?

కల్చరల్ టీమ్: అందరికీ నమస్తే. స్టాక్‌హోమ్‌లో ఉండే కుర్దిష్ ఆడవాళ్లు ఈసారి మన ప్రోగ్రాంకి వస్తామన్నారు, ఇరవై నిమిషాలు ఇచ్చాం, ఒక డాన్స్ వేయించి పంపించేస్తే ఏం బాగుంటుంది చెప్పండి. వాళ్లు పేలా అత్రోషి గురించి మాట్లాడతామంటున్నారు. స్వీడన్‌లో ఉండే అమ్మాయి, 1999లో ఇరాక్ కుర్దిస్తాన్‌లోని దుహోక్‌లో, పరువు తీసిందని సొంత బాబాయిలే చంపేశారు. అక్కడి కోర్టు నామమాత్రం శిక్షతో వదిలేస్తే చెల్లెలు ధైర్యంగా సాక్ష్యం చెప్పబట్టి 2001లో ఇక్కడి స్వీడన్ కోర్టు ఇద్దరు బాబాయిలకి యావజ్జీవం వేసింది.

స్టేజ్ టీమ్: అక్కా, పిల్లలుంటారు, మైకులో హత్యల గోల ఎందుకు? మనోళ్లు ‘అయ్యో పాపం ఆ దేశం’ అనేసి బిర్యానీ లైన్లోకి పోతారు.

కల్చరల్ టీమ్: అలా అనకుండా ఉండాలనే మిర్యాలగూడ కూడా పెడదామంటున్నా అన్నా. 2018లో కడుపుతో ఉన్న భార్య పక్కనుండగానే ప్రణయ్‌ని నరికేశారు, సుపారీ ఇచ్చింది ఆ పిల్ల తండ్రే, నల్గొండ కోర్టు తీర్పు వచ్చేసరికి 2025 మార్చి అయింది. ఇవన్నీ ఎక్కడో జరిగేవని ఎవరనగలరు? పిల్లలకి హత్య చూపించొద్దు, సరే, స్కిట్ బెర్దెల్ మీద వేద్దాం. టర్కీ వైపు కుర్దు పల్లెల్లో ఉంటుంది, అచ్చం మన కుండమార్పిడే, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, అక్కడ కన్యాశుల్కం, ఇక్కడ కట్నం ఖర్చు ఉండదు. కానీ ఒక పిల్ల మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికొచ్చేస్తే, హాయిగా కాపురం చేసుకుంటున్న రెండో పిల్లని కూడా వెనక్కి పంపేయమంటారు. వదిన మీద జాలి ఉన్నా ‘నువ్వు వెళ్లిపోతే నా పిల్లలేం కావాలి’ అనాల్సిన పరిస్థితి, మగాళ్లు కాపలా కూడా పెట్టక్కర్లేదు, ఆడవాళ్ల చేతే ఆడవాళ్లని కట్టేయించారు.

ఫుడ్ టీమ్: మా అమ్మమ్మ వాళ్లింట్లో ఇదే జరిగింది 🙁 మరి చట్టం లేదా అక్కడ?

కల్చరల్ టీమ్: పేలాని చంపిన ఇరాక్ కుర్దిస్తాన్‌లో ఉంది. పరువు పేరు చెప్తే శిక్ష తగ్గించే పద్ధతి 2002లో తీసేశారు, గృహహింస చట్టం 2011లో వచ్చింది. కానీ పల్లెల్లో పోలీసుల కంటే ముందు తెగపెద్దలు, ఆఘాలు (భూస్వాములు) కూర్చుని రాజీ చేసేస్తారు, మన ఊరి పెద్దమనుషుల పంచాయితీ లాగానే. స్కిట్‌లో ఆ సీన్ ఉండాలి, ఇద్దరు మగపిల్లలు కావాలి, అన్నా మీవాడిని పంపుతారా?

స్టేజ్ టీమ్: పంపుతాలే. ఆఘా వేషం మాత్రం నాది, మీసం ఉంది కదా.

ఫుడ్ టీమ్: వాళ్లు దోల్మా (ఆకుల్లో, కూరగాయల్లో అన్నం కూరి వండేది) తెస్తారట, మాంసం లేకుండా ఒక గిన్నె వేరే చేయమని చెప్పనా? పులిహోర నాది.