మిద్దె మీదికి పావురాలు తప్ప ఏవీ రావట్లేదు, ఏం మార్చాలి?

మల్కాజిగిరి మిద్దె:
పైన సుమారు 300 చదరపు అడుగుల మిద్దె, 40 కుండీలు. కరివేపాకు, నిమ్మ, ముద్ద మందారం, ముద్ద బంతి, తులసి ఉన్నాయి. రోజూ గుప్పెడు నూకలు చల్లి, ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పెడుతున్నాం. పావురాలే దిగుతున్నాయి. సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు, పిచ్చుకలు రావాలంటే ఏం చేయాలి? కరివేపాకును పురుగు తినేస్తోంది, వేపనూనె కొడుతున్నాం.

కరివేప కొమ్మ:
ముందు ఆ వేపనూనె ఆపండి. లేతాకు మీద అచ్చం పిట్ట రెట్టలా కనబడి, పెరిగాక పచ్చగా మారే పురుగైతే అది సీతాకోకచిలుక పిల్లే. వేలితో మెల్లగా తాకి చూడండి. తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెడుతుంది, ఘాటుగా వాసన వస్తుంది. మీరు రమ్మంటున్న సీతాకోకచిలుక ఎప్పుడో వచ్చి గుడ్లు పెట్టింది. ఆ పిల్లలకే మందు పడుతోంది.

వంటకో కరివేపాకు, వాటికో కరివేపాకు ఉంచండి. పురుగును చేత్తో పీకొద్దు, ఉన్న ఆకు తుంచి రెండో మొక్క కొమ్మకు ఆనించండి, తనే పాకుతుంది. నిమ్మ, మారేడు కూడా తింటుంది. బాగా ఎదిగిన పురుగు ఒక్కోసారి మొక్క దిగి గోడకో కుండీ అంచుకో గూడు కడుతుంది. అందుకే పక్కన రెండు ఎండు పుల్లలు గుచ్చి, గోడ కడిగేముందు ఒకసారి చూసుకోండి.

ఇంకో రకం సీతాకోకచిలుకలకు జిల్లేడు కావాలి. 15 అంగుళాల కుండీలో సగం ఇసుక కలిపి పెట్టండి, నీళ్లు తక్కువ పోయండి. పాలు కంట్లో పడితే ప్రమాదం, తుంచాక చేతులు కడుక్కోవాలి. దానికి పసుపురంగు పేనుబంక పడుతుంది. పైపు నీళ్లతో కొడితే చాలు. నర్సరీలో మొక్క కొనేటప్పుడు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వేశారా అని అడగండి. వేర్లద్వారా ఎక్కి పూతేనెలోకీ చేరుతుంది, తేనెటీగలకు విషం.

తేనెపిట్ట:
మీ మందారం, బంతి రెండూ ముద్దవే, అదే చిక్కు. రేకులు పొరలు పొరలుగా ఉంటే తేనె అందదు. ఒంటిరేక మందారం, నూరువరహాలు, హమీలియా ఒక్కోటి మూడేసి కుండీలు ఒకేచోట గుంపుగా పెట్టండి. విడివిడిగా ఒక్కో పువ్వుంటే పిట్ట ఆగదు. తులసి వెన్నులు అన్నీ తుంచకండి, కొన్నిటినైనా పూయనిస్తే తేనెటీగలొస్తాయి.

తేనెపిట్ట గూడు దుస్తుల తీగకో సన్న కొమ్మకో సంచిలా వేలాడుతుంది. నారను, ఎండాకును సాలెగూడు దారంతో అతుక్కుంటుంది. కాబట్టి మూలల్లో బూజు కొంత వదిలేయండి. చక్కెర నీళ్ల సీసాలు మాత్రం వద్దు, ఎండకు త్వరగా పులుస్తాయి.

వరికంకి:
నూకలు చల్లడం ఈరోజే మానండి. నేలమీది గింజ పావురాలకే పోతుంది. వాటి ఎండు రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకుని తడిపి ఊడ్చండి. పిచ్చుకలకు మన పాత పద్ధతే సరైనది: వరికంకుల కుచ్చు దారంతో వేలాడదీయండి. పిచ్చుక కంకిని పట్టుకుని తింటుంది, పావురానికి నిలబడే చోటుండదు.

గూడు పెట్టెకు రంధ్రం 32 మిల్లీమీటర్లు. అంతకన్నా బాగా పెద్దదైతే గోరింకలు ఆక్రమించొచ్చు. ముందు నిలబడే పుల్ల పెట్టొద్దు. పడమటి ఎండ తగలని గోడకు, 8–10 అడుగుల ఎత్తులో, పిల్లి ఎక్కలేని చోట కొట్టండి. పిచ్చుక తన పిల్లలకు పెట్టేది పురుగులే, మందు మానితేనే ఆ పెట్టెకు అర్థముంటుంది.

మల్కాజిగిరి మిద్దె:
నీళ్లు పెడితే దోమలు పెరగవా?

వరికంకి:
టబ్బు తీసేయండి. లోతెక్కువ, అంచు జారుతుంది. 12 అంగుళాల మట్టి మూకుడులో అంగుళంన్నర నీళ్లు, మధ్యలో నీళ్లపైకి వచ్చేలా ఒక గరుకు రాయి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. రోజూ నీళ్లు మార్చి, రెండ్రోజులకోసారి కొబ్బరిపీచుతో లోపలంతా రుద్దండి, సబ్బు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీడలోకి జరపండి, లేకపోతే మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోతాయి.

ఇంకోటి, సంక్రాంతి అయ్యాక కుండీల్లో, తీగల్లో చిక్కుకున్న మాంజా ముక్కలన్నీ ఏరేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా మిద్దెలమీద ఇంకా కనబడుతోంది. తేనెపిట్ట కాలికి ఆ దారం చుట్టుకుంటే విడిపించుకోలేదు.