ఆరోగ్యశ్రీ ఫిర్యాదు మీద ఆర్టీఐ అప్పీలు: హియరింగ్‌కి ఏం పట్టుకెళ్లాలి?

ఉప్పల్ అమ్మాయి:
నమస్తే అండి. మా నాన్నగారికి సిటీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేశారు. పథకం కిందే చేస్తూ, "మంచి రకం వేస్తాం" అని విడిగా నలభై వేలు కట్టించుకున్నారు. రసీదు మీద "ఇతర ఖర్చులు" అని మాత్రమే ఉంది. ఆరోగ్యశ్రీ ఆఫీసుకి ఫిర్యాదు చేస్తే, "విచారణ జరిపించాం, ఆరోపణ రుజువు కాలేదు" అని ఒక్క వాక్యంతో ఉత్తరం పంపారు. ఎవరిని అడిగారో, ఆసుపత్రి ఏం చెప్పిందో అందులో లేదు. విచారణ నివేదిక, ఆసుపత్రి ఇచ్చిన వివరణ కాపీలు ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. "మూడో పక్షం సమాచారం, సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేం" అన్నారు, అంటే వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారమట. అప్పీలు వేస్తే, వచ్చే గురువారం హియరింగ్‌కి రమ్మని నోటీసు వచ్చింది. లాయర్ కావాలా? నాన్న మెట్లు ఎక్కలేరు, ఆయన రాకపోతే కొట్టేస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

మలక్‌పేట అన్న:
లాయర్ అక్కర్లేదమ్మా. మొదటి అప్పీలు అంటే కోర్టు కాదు. అదే శాఖలో సమాచార అధికారి కంటే పై అధికారి తన గదిలో కూర్చోబెట్టి వింటాడు, అంతే. నిమిషాల్లో అయిపోతుంది. టైముకి వెళ్లు, కానీ వెయిటింగ్‌కి సిద్ధపడి వెళ్లు.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఒక్కటి చెప్పు తల్లీ. ఆర్టీఐ దరఖాస్తు ఎవరి పేరు మీద ఉంది?

ఉప్పల్ అమ్మాయి:
నా పేరు మీదే సార్. ఫిర్యాదు మాత్రం నాన్న పేరు మీద ఇచ్చాం.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
వాళ్లకు దొరికిన సందు అదే. కాగితాల లెక్కలో నువ్వు వేరే మనిషివి, రోగి వేరే మనిషి. నాన్నగారి చేత ఒక తెల్లకాగితం మీద రాయించు: "నా చికిత్స, నా ఫిర్యాదుకు సంబంధించిన సమాచారమంతా మా అమ్మాయికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, హియరింగ్‌కి నా తరఫున ఆమే వస్తుంది." సంతకం, తేదీ, ఆధార్ జిరాక్స్. దాన్ని గురువారం చేతికిచ్చి, నీ దగ్గరున్న కాపీ మీద స్టాంపు, సంతకం వేయించుకో. అప్పీలుదారువి నువ్వే కాబట్టి నాన్నగారు రానక్కర్లేదు. ఎందుకైనా మంచిది, అదే రోజు ఆయన పేరుతో కొత్త దరఖాస్తు కూడా పడేయండి. తెల్లకార్డు ఉంటే ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జత చేస్తే చాలు. లేకపోతే పది రూపాయలు.

ఇక లోపల మాట్లాడేది. ఆ గదిలో స్టెంట్ కథ మొదలుపెట్టకు. నలభై వేలు న్యాయమా అన్యాయమా తేల్చే అధికారం ఆయనకు లేదు. కాగితం ఇవ్వాలా వద్దా, అదొక్కటే ఆయన ముందున్న ప్రశ్న. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆసుపత్రి మీద కోపమంతా వెళ్లగక్కుతారు, ఆయన పాపం అని తలూపి, "మళ్లీ ఫిర్యాదు పెట్టుకోండి" అని పంపేస్తాడు.

నువ్వు పట్టుకోవాల్సినవి మూడే. సెక్షన్ 19(5): ఇవ్వకపోవడం సబబే అని నిరూపించుకోవాల్సింది కాదన్న అధికారే, నువ్వు కాదు. సెక్షన్ 10: ఫైల్లో వేరే రోగుల పేర్లు ఉంటే అవి కొట్టేసి మిగతాది ఇవ్వచ్చు, మొత్తం ఆపనక్కర్లేదు. సెక్షన్ 4(1)(డి): తీసుకున్న నిర్ణయానికి కారణాలు బాధితులకు చెప్పాల్సిన బాధ్యత ఆఫీసుదే. 2023 డేటా రక్షణ చట్టం 8(1)(జె)లో ఉన్న షరతులు తీసేసి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు ఇవ్వనక్కర్లేదు అన్నట్టు మార్చింది, వాళ్లు దాన్నే గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు 8(2) చూపించు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వచ్చని అందులో ఉంది. ఉచిత పథకంలో డబ్బు వసూలు కంటే ప్రజాప్రయోజనం ఏముంటుంది?

కూకట్‌పల్లి నుంచి:
సార్, సెక్షన్లు చదివి వినిపిస్తే ఆఫీసర్లకు మండుతుంది. మెత్తగా బతిమాలుకుంటేనే పని అవుతుందని నా అనుభవం.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
నోటితో మెత్తగానే మాట్లాడమను, తప్పులేదు. కానీ సెక్షన్లన్నీ ఒక పేజీలో రాసి ఫైల్లో పడేలా ఇవ్వాలి. ఆర్డర్ రాసేది పక్క సీటు గుమాస్తా. అతని ముందున్న కాగితమే ఆర్డర్లోకి ఎక్కుతుంది, నీ బతిమాలుడు ఎక్కదు. ఇంకొకటి. "ఇదిగో సమాచారం, సంతకం పెట్టండి" అని అక్కడికక్కడే కవరు చేతిలో పెడతారు. తెరిచి, పేజీలు లెక్కపెట్టి, అడిగినవన్నీ ఉన్నాయో చూసుకోకుండా "అందింది" అని రాయొద్దు. తక్కువుంటే "ఇన్ని పేజీలు అందాయి, ఫలానాది అందలేదు" అని రాసి సంతకం చెయ్యి.

సైదాబాద్ అక్క:
ఆసుపత్రి నుంచి కేస్ షీటు తీసుకున్నావా అమ్మాయ్? దానికి ఆర్టీఐ అవసరమే లేదు. రోగి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఏ స్టెంట్ వేశారో చెప్పే స్టిక్కర్ కేస్ షీటులో ఉందేమో చూడు. దాన్ని రసీదు పక్కన పెడితే వాళ్ల "ఇతర ఖర్చులు" ఏమిటో తెలుస్తుంది. డబ్బు వెనక్కి రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. కానీ రెండేళ్లలోపు వేయాలి. ఆర్టీఐ తేలాక చూద్దాం అని కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఉప్పల్ అమ్మాయి:
కేస్ షీటు రేపే అడుగుతాను అక్కా. సార్, గురువారం విని ఆర్డర్ ఇవ్వకుండా "పోస్టులో పంపుతాం" అంటే?

రిటైర్డ్ సూపరింటెండెంట్:
అంటారు. "ఏ తేదీ లోపు సార్" అని నవ్వుతూ అడుగు. అప్పీలు అందిన 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాస్తే 45 దాకా. అది దాటినా, ఆర్డర్ నచ్చకపోయినా, 90 రోజుల్లోపు రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కి, మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్‌కి. రోజుకి 250, గరిష్ఠం 25 వేలు జరిమానా వేసే అధికారం వాళ్లకే ఉంది, గురువారం నువ్వు కలిసే అధికారికి లేదు. ఆయన్ని జరిమానా అడిగి చిరాకు పెట్టకు. కమిషన్‌లో వేగం మాత్రం ఆశించకు. 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక అప్పీళ్లు గుట్టలుగా పేరుకుపోయాయి. అందుకే నాన్నగారి పేరుతో కొత్త దరఖాస్తు వేయమన్నాను, దారి అదే దగ్గర.

మలక్‌పేట అన్న:
అప్పీలు పోస్టులో పంపి ఉంటే స్పీడ్ పోస్ట్ రసీదు, ట్రాకింగ్ ప్రింటు మర్చిపోకు. ఆ 30 రోజులు ఎప్పటినుంచి అని గొడవ వస్తే చూపించాలి. నోటీసు జిరాక్స్ రెండు తీసుకో, ఒకటి గేటు దగ్గర అడుగుతారు.